గినీ పందికి చీటీ

పరీక్షలకు ఇక పనికిరాదని దవాఖానవాళ్లు పారేయబోయిన ముసలి గినీ పందిని, బొగ్గు బాయిలో పనిచేసే గట్టయ్య ఇంటికి తెచ్చి సాకుతున్నాడు. అది రొప్పుతుంటే చంకన పెట్టుకుని బాయి కంపెనీ డాక్టరు దగ్గరికొచ్చాడు.

తన దగ్గుకు మూడుసార్లు వస్తే, ఈ డాక్టరే తలెత్తకుండా "ఫిట్, డ్యూటీకి పో" అని పంపేశాడు. దీన్ని మాత్రం బల్లమీద పడుకోబెట్టి, స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఇది ఎక్కడ పడుకుంటుందయ్యా?"

"నా డ్యూటీ అంగి మీద సారూ."

"అయ్యో! బొగ్గుదుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక ఆ దుమ్ము సోకనే కూడదు. పూర్తి విశ్రాంతి ఇవ్వాలి."

గట్టయ్య దగ్గు ఆపుకుని చేతులు జోడించాడు.

"గదే చీటీ మీద రాసియ్యుండ్రి సారూ. పేరు జాగ ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. నా పేరు నేను రాసుకుంట."