వెంకయ్య అడిగిన సీసా

మిరప కల్లంలో కాపలా పడుకోవడానికి మొగుడూ పెళ్ళాం వచ్చారు. త్రినాథ్ సంచిలోంచి స్కాచ్ సీసా తీసేసరికి శ్రీదివ్య పరుస్తున్న దుప్పటి వదిలేసింది.

"అది మావయ్య విస్తరి దగ్గర పొయ్యలేదా?"

"చూపించానుగా. మన ఆవకాయ జాడీలో ఊరినట్టు, ఇది మూడు రకాల ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరిందంట. మట్టిపాలు చేస్తామా?"

పోయేముందు త్రినాథ్ తండ్రి వెంకయ్య నోరు తెరిచి అడిగింది ఈ సీసా ఒక్కటే. పెద్దకర్మ నాడు ఆయనకు పొయ్యాల్సింది, కొడుకు మూత కూడా తియ్యకుండా వెనక్కి తెచ్చేశాడు.

త్రినాథ్ స్టీలు గ్లాసులో పోసుకున్నాడు. తడిసిన చెక్క వాసన మిరప ఘాటును కమ్మేసింది. నీళ్ళు అందుకుని ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీ.

"పారబోశావా ఏంటే?"

"నేను కదల్లేదండీ."

మళ్ళీ పోశాడు. ఈసారి ఇద్దరూ చూస్తుండగానే గ్లాసులో మందు నెమ్మదిగా అడుక్కి దిగిపోయింది. చిన్న చప్పుడైనా లేదు.

"మొత్తం పోసెయ్యండి. ఆయనది ఆయనకిచ్చేస్తే వెళ్ళిపోతారు," అంది శ్రీదివ్య ఏడుపు గొంతుతో.

పోసినకొద్దీ దిగిపోయింది. సీసా బోర్లించి ఆఖరి చుక్క దాకా దులిపాడు. గ్లాసు ఖాళీగా అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు గ్లాసు దానంతటదే నేలకేసి టకటకా కొట్టుకుంది. బతికున్నప్పుడు వెంకయ్య ఇంకా పొయ్యమని అలాగే కొట్టేవాడు.

"అయిపోయింది నాన్నా," అన్నాడు త్రినాథ్.

గ్లాసు మళ్ళీ కొట్టుకుంది. ఈసారి దగ్గరికి జరిగొచ్చి, అతని మోకాలి పక్కన.