కందిరీగ పేరు కొట్టేయాలా?

వాచీ మెకానిక్కుల ఫోరం ఉన్న పాత సైటు ఆరింటికి మూతపడుతుంది. ఐదున్నరకి అమ్మాయి బాబాయి వాచీల కొట్లోకి ఉరికొచ్చింది. ఆ ఫోరం పెట్టింది ఆయన. దాన్ని కొత్త సైటుకి మార్చి, ఇకమీదట నడపాల్సింది ఆ అమ్మాయి.

“కందిరీగ అనేవాడు వస్తే మేం రామని సగం మంది మొండికేశారు, బాబాయ్. ఎవరేం చెప్పినా ‘తప్పు, మళ్లీ విప్పి చూడు’ అంటాడు. వాడి పేరు కొట్టేస్తున్నాను.”

బాబాయి కంటి భూతద్దం తీసి, చీటీ మీద రెండు పాస్‌వర్డులు రాసిచ్చాడు.

“మొదటిది సైటుది.”

“రెండోది?”

“కందిరీగది.”

ఆమె చీటీ మీంచి తలెత్తింది. “పోయినేడు నన్ను అందరి ముందూ ఏడిపించింది నువ్వా?”

“ఆ రోజు నుంచే కదమ్మా, నువ్వు ప్రతి వాచీ రెండోసారి విప్పి చూస్తున్నది.”

ఆరు దాటాక కొత్త సైటులో ఒకరి ప్రశ్నకి మొదటి జవాబు బాబాయే తన పేరుతో పెట్టాడు. అమ్మాయి చీటీ తీసింది. నిమిషంలో ఆ జవాబు కింద కందిరీగ మాట పడింది: “తప్పు. మళ్లీ విప్పి చూడు.”