హ్యాంగ్ కాని లాప్‌టాప్

పాత లాప్‌టాప్ నాలుగు టేబుళ్ళ వరకే మోసేది. ఐదోది తెరిస్తే చాలు, హ్యాంగ్.

టేబుల్ అంటే ఆన్‌లైన్ పోకర్ టేబుల్. ఒకే తెర మీద ఎన్ని తెరుచుకుంటే అన్ని ఆటలు ఒకేసారి ఆడొచ్చు. ఆ ఇంట్లో మొదట ఊసుపోక ఒకటి తెరిచారు. ఆర్నెల్లకి రెండయ్యాయి. ఏడాది తిరిగేసరికి నాలుగు. ఇక శనాదివారాలు లేవు, పండగా పబ్బమూ లేదు.

హ్యాంగ్ అయిన లాప్‌టాప్ మళ్ళీ తేరుకోవడానికి పది నిమిషాలు పట్టేది. ముగ్గురూ ఒకచోట కూర్చుని అన్నం తినేది ఆ పది నిమిషాల్లోనే. అందుకే తెర ఆగిపోగానే నాలుగేళ్ళ ఆద్య "హ్యాంగ్ అయింది" అంటూ చప్పట్లు కొట్టేది. తల్లి రాగిణి చప్పట్లు కొట్టేది కాదు గానీ, ఆ డొక్కు మిషను మీద ఆమెకీ చెప్పుకోలేనంత అభిమానం ఉండేది.

అలాంటిది పోయిన శనివారం అది మొత్తానికే కన్నుమూసింది. రఘువీర్ ఏమీ కంగారు పడలేదు. అది దగ్గడం మొదలుపెట్టినప్పటి నుంచే రోజూ వీడియోలు చూసి, ఏ మోడల్ కొనాలో తేల్చి పెట్టుకున్నాడు. భార్యనీ కూతుర్నీ కార్లో ఎక్కించుకుని ఐసెలిన్ అనే ఊరి దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపుకి తీసుకెళ్ళాడు.

అక్కడ లాప్‌టాప్‌లు చూపించే ఆవిడ తెలుగావిడే. యాభై దాటి ఉంటాయి. చొక్కాకి పెట్టుకున్న బిళ్ళ మీద జయంతి అని పేరు. రఘువీర్ తనకు కావలసింది చెప్పాడు. పన్నెండు టేబుళ్ళు ఒకేసారి నడవాలి. ఒక్కటి కూడా ఆగకూడదు.

పన్నెండు అన్న మాట వినగానే రాగిణి అక్కడ చూపించడానికి పెట్టిన ఆ మోడల్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

వంకలు వెతికింది. తెర మీద అంకెలు చిన్నగా ఉన్నాయంది. అయితే పక్కన పెద్ద మానిటర్ పెట్టుకుందామన్నాడు. బరువుగా ఉందంది. బల్ల మీంచి కదిపే పనే లేదన్నాడు. వేడెక్కుతుందేమో అంది. కింద పెట్టే ఫ్యాను కూడా బుట్టలో వేశాడు. ఆమె వంక పెట్టేకొద్దీ ఆ మిషను ఇంకా మెరుగైపోతోంది. దాంతో వంకలు మానేసింది.

రఘువీర్‌ని చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. అలాంటి మనిషితో పోట్లాడటం మహా కష్టం.

అతను మానిటర్లు చూడ్డానికి అటు వెళ్ళాడు. జయంతి చూపు రాగిణి కుడి మణికట్టు మీద పడింది. దానికి నల్లటి పట్టీ బిగించి ఉంది.

"ఏమైందమ్మా చేతికి?"

"వంట పనిల పట్టేసింది ఆంటీ."

జయంతి నమ్మలేదు. దూరంగా ఉన్న రఘువీర్ వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది. తన భర్త పదేళ్ళు కేసినోల చుట్టూ తిరిగాడనీ, ఈ పేకాట ఇళ్ళలో ఏం జరుగుతుందో తనకు ఒకరు చెప్పక్కర్లేదనీ అంది.

"ఇప్పటిదాకా ఎంత పోయింది?"

"పోతే బాగుండు ఆంటీ. వస్తున్నయి. అదే నా బాధ."

"మొదట్లో అలాగే వస్తాయిలే. ఆపేద్దామని అడగలేదా?"

"అడిగిన. నాకు వర్క్ పర్మిట్ వచ్చేదాంక అంటున్నడు."

అదెప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. రాగిణి హనుమకొండలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పేది. ఈ దేశంలో ఆమెది మొగుడి మీద వచ్చిన డిపెండెంట్ వీసా. ఆరేళ్ళుగా ఉద్యోగం చేసే వీల్లేదు. ఇంత చదువుకున్న పిల్ల ఇలాంటి ఇంట్లో ఇరుక్కుపోయిందే అని జయంతి మనసు కలుక్కుమంది.

అందుకే రఘువీర్ తిరిగి రాగానే ఆవిడ ఉద్యోగధర్మాన్ని కాసేపు పక్కన పెట్టింది. అడిగిన మోడల్ అయిపోయిందనీ, మూడు వారాల దాకా రాదనీ చెప్పి, ఒక చిన్న లాప్‌టాప్ చూపించింది. నాలుగు టేబుళ్ళకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుందంది.

రాగిణి ఆ చిన్నదాని వైపు ఒక అడుగు వేసింది. నాలుగైతే బతకొచ్చు. ఐదోది తెరిస్తే ఇదీ ఆగిపోతుంది. ఆ పది నిమిషాలూ మిగులుతాయి.

రఘువీర్ నవ్వుతూనే ఫోన్ తీసి చూపించాడు.

"మీ వెబ్‌సైట్ల మూడున్నయని చూపిస్తుంది ఆంటీ. ఈ స్టోర్లనే."

చేసేది లేక జయంతి లోపలికెళ్ళి పెట్టె తెచ్చింది. బిల్లు వెనకాల తన నంబరు రాసి రాగిణి చేతిలో పెట్టింది. పదిహేను రోజుల్లోగా దీన్ని వెనక్కి తెచ్చేయొచ్చనీ, ఈ ఆట మాన్పించేవాళ్ళు తనకు తెలుసనీ, ఎలాగోలా నచ్చజెప్పి మనిషిని తీసుకురమ్మనీ మెల్లగా చెప్పింది. రాగిణి బిల్లు మడిచి సంచిలో పెట్టుకుంది. తలూపి బయటికి నడిచింది.

సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో అంతా సిద్ధమైంది. రఘువీర్ వైర్లు తగిలించాడు, మానిటర్ నిలబెట్టాడు, కింద ఫ్యాను పెట్టాడు. పన్నెండు టేబుళ్ళు తెరిచి వరసకి నాలుగు చొప్పున సర్దాడు. ఒక్కటీ ఆగలేదు. ఆద్య చప్పట్లకి చేతులు సిద్ధంగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాన్నా, ఇది హ్యాంగ్ అవ్వదు?"

"కాదు బంగారం. ఇంక ఎప్పుడు కాదు."

రఘువీర్ కుర్చీ వెనక్కి లాగి, దాని మీద దిండు సర్ది, కూతుర్ని ఎత్తుకుని పక్కకి తప్పుకున్నాడు. రాగిణి మణికట్టు పట్టీ ఇంకాస్త బిగించుకుని, ఆ కుర్చీలో కూర్చుని మౌస్ అందుకుంది.