గొంతు దాటిన గుండీ

దగ్గీ దగ్గీ కుట్టుపిల్ల ఆసుపత్రి బెంచీ మీద ఒరిగిపోయింది.

పక్కనున్న పెద్దావిడ వీపు నిమిరింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మూణ్ణెల్లయింది. ఆస్తమా అన్నారు. ఎన్ని మందులు మింగినా తగ్గి చావట్లేదు."

"ఊపిరితో పాటు లోపలికేమైనా పోయిందా?"

కుట్టుపిల్ల ఉలిక్కిపడింది. బట్టల కంపెనీ తరఫున వెంట వచ్చిన సూపర్‌వైజరు మందుల కిటికీ దగ్గరున్నాడు.

"గుండీ, పెద్దమ్మా," అంది గుసగుసగా. "కుట్టేటప్పుడు చేతికందుతాయని నాలుగు గుండీలు పెదాల మధ్య పెట్టుకుంటాం. పక్క మిషను మీది పిల్ల జోకేసింది. పకపకా నవ్వాను. ఒకటి లోపలికి పోయింది."

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెబితే ఇంకేముంది! నోట్లో గుండీ పెట్టామని తెలిస్తే పనిలోంచి పీకేస్తారు. ఇంటిల్లిపాదీ నా జీతం మీదే బతకాలి. నీ కాళ్ళు పట్టుకుంటా, ఎవరికీ చెప్పకు."

"చెప్పనులే. నీ మీదొట్టు."

అలా అని లేచి, తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళింది. తలుపైనా వెయ్యలేదు.

"ఆ పిల్ల ఊపిరితిత్తుల్లో గుండీ ఉంది డాక్టరుగారూ!"

హాలంతా విన్నది. సూపర్‌వైజరూ విన్నాడు.

ఎంత నమ్మించి గొంతు కోసింది! మనుషులు ఇలా కూడా ఉంటారా?

"నీకేం ద్రోహం చేశానే ముసలిదానా? నా నోటికాడ కూడు లాగేశావు కదే! నువ్వు పిల్లల్ని కనలేదా?"

పెద్దావిడ తల వంచుకుని తిట్లన్నీ పడింది.

ప్లాస్టిక్ గుండీ కాబట్టి ఇన్నాళ్ళూ ఎక్స్‌రేకి చిక్కలేదు. డాక్టరు కెమెరా గొట్టం దింపి చూస్తే కుడి ఊపిరితిత్తి దారిలో అడ్డంగా ఇరుక్కుని ఉంది, చుట్టూ చీము. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణానికే ముప్పట.

కుట్టుపిల్ల కళ్ళు తెరిచేసరికి ఊపిరి హాయిగా ఆడుతోంది. ఉద్యోగం మాత్రం ఊడిపోయింది.

"ఆ ముసల్దెక్కడ?" అంది నర్సుతో. "ఒట్టేసి మరీ మోసం చేసింది. మొహాన ఉమ్మెయ్యాలి."

"గుండీ బయటికొచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది. చూసి వెళ్ళిపోయింది."

"దాని జబ్బేంటి?"

"జబ్బేం లేదు. మీ కంపెనీ యూనిఫాం కోటుతో ఎవరు దగ్గుతూ వచ్చినా పక్కన చేరి ఆరా తీస్తుంది."

"మా గొడవ దానికెందుకట?"

నర్సు దుప్పటి సర్దింది.

"వాళ్ళమ్మాయీ మీ దగ్గరే గుండీలు కుట్టేది. ఎవరికీ చెప్పొద్దని తనూ ఇలాగే తల్లి దగ్గర ఒట్టు వేయించుకుంది. ఆ పిల్ల పోయేదాకా ఆవిడ ఒట్టు తప్పలేదు."