గోపమ్మ చాయ్ చీటీ

జడ్చర్ల దగ్గరి ఆ ఊరి అంగడిలో, మంగళవారం పొద్దున్నే, గోపమ్మ చాయ్ చీటీ విలువ సగానికి పడిపోయింది.

"తోటకూర కట్ట ఎంతనే బిక్షమ్మా?"

"రెండు చీటీలు."

"పోయిన వారం ఒక్కటే గద. కూర పిరమైందా?"

"కూర గట్లనే ఉన్నదక్కా. నీ చీటే సస్తయింది."

గోపమ్మ మొహం మాడిపోయింది.

పెద్ద నోట్లు రద్దయిన రోజులవి. ఎక్కడా చిల్లర లేదు. చిల్లరకు బదులు గోపమ్మ తన చాయ్ కొట్టులో అట్టముక్క మీద నీలం సిరాతో వేలిముద్ర వేసి ఇచ్చింది. ఒక చీటీకి ఒక చాయ్. నెల తిరిగేసరికి ఆ చీటీతో కూరగాయలు వచ్చాయి, తెగిన చెప్పులు కుట్టారు, క్షవరాలు కూడా అయ్యాయి.

"గోపమ్మ బ్యాంకు" అని అంగడంతా నవ్వుకునేది. ఆమె మాత్రం తన బొటనవేలిని ఊరికే ఊరికే చూసుకునేది. యాభై ఏళ్లలో ఎవరూ పట్టించుకోని వేలు. ఆ మురిపెంలోనే రెండొందల ముద్రలు ఒక్కసారిగా గుద్ది, కొట్టు మీద రేకులు వేసిన మేస్త్రికి కూలి కింద ఇచ్చేసింది.

పక్కన గోనె పరుచుకుని పిన్నీసులు అమ్మే ముసలాయన ఇదంతా విన్నాడు. ఈ మధ్యే అంగడికి వస్తున్నాడు. పేరు ఎవరూ అడగలేదు.

"నీ దగ్గర పాలెన్నో, చీటీలు గన్నే ఉండాలె బిడ్డా."

"పిన్నీసులు అమ్ముకునేటోనివి, నాకు బ్యాంకు నేర్పుతవా తాతా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"జర విను. ఇయ్యాల చీటీ తెచ్చినోళ్లందరికీ చాయ్ పొయ్యి. వచ్చిన చీటీ మంటల ఎయ్యి. కొత్తది రాయకు."

"రెండొందల చాయ్‌లా? మునిగిపోత. ఒక్క చీటీకే కట్ట ఇయ్యాలని ఊర్ల చాటింపు ఏయిస్త."

"చాటిస్తే బిక్షమ్మ కూర దాచుకుంటది. నమ్మకం చాటింపుతోని రాదు."

"నీ పిన్నీసులు నువ్వు చూసుకో, పో."

ఆయన గోనె చుట్టుకుని బస్సెక్కాడు.

కోపం దిగాక గోపమ్మకు భయం మిగిలింది. కాసేపటికి లేచి, ఇంకో రెండు క్యాన్ల పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"చీటీలున్నోళ్లంతా రాండ్రి!"

వచ్చారు. మేస్త్రి ఒక్కడే ఐదు తాగాడు. మేకలమ్మే బీరన్న బేరం వదిలి వరుసలో నిలబడ్డాడు. మంటలో తన వేలిముద్రలు కాలుతుంటే మొదట గోపమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. యాభై చీటీలు దాటాక ఎందుకో నవ్వొచ్చింది. వంద దాటాక ఒళ్లు తేలికైంది. అంగడంతా తాగుతూ, వాగుతూ, పెళ్లిపందిరిలా ఉంది.

పొద్దు వాలుతుండగా బిక్షమ్మ వచ్చింది.

"అక్కా, ఒక్క చీటీ ఇయ్యరాదే. రెండు కట్టలు తీస్కపో."

మరుసటి మంగళవారం గోపమ్మ అల్లం దంచి, ముసలాయన కోసం చాయ్ పెట్టింది. ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

"గా పిన్నీసుల తాత ఏడున్నడో ఎరుకనా?" అని బీరన్నను అడిగింది.

"ఇంక రాడు వదినా. ఒకప్పుడు దేవరకొండ దిక్కు పెద్ద కిరాణం షావుకారి ఆయన," అన్నాడు బీరన్న. "సరుకుకు మించి చీటీలు రాసి మునిగిండట. దుకాణం, ఇల్లు అమ్మి ఒక్కొక్క చీటీ తీర్చుకుంట వచ్చిండట. ఆఖరి చీటీ సచ్చిపోయిన మా నాయినది, మాకే యాదిలేదు. నువ్వు చీటీలు కాల్చిన మంగళారం పొద్దున పిన్నీసులమ్మిన పైసలు నా చేతుల పెట్టి తీర్చిండు."