ఊ కొట్టే గుండీ

విశాఖలో ఇప్పుడు దుమ్ముకి తుమ్మని మనిషి లేడు, తుమ్ములకి బిళ్ళ వేసుకోని మనిషీ లేడు. ఆ బిళ్ళతో మగత కమ్మేస్తుంది. అందుకే, ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా, తల వాలగానే మన గొంతుతో ఊ కొట్టే గుండీ ఒకటి అందరి చొక్కాలకీ ఉంటుంది.

ఆ సాయంత్రం కూతురు ఝాన్సీ బడి కబుర్లు చెబుతుంటే పైడిరాజుకి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి పిల్ల ఏడుస్తోంది.

"ఏటయిందమ్మా?"

"నేనంటే ఇసుగా నాన్నా అనడిగేను. ఊఁ అన్నావు."

"నేను కాదమ్మా, ఆ ముదనష్టపు గుండీ!"

ఝాన్సీ ఏడుపు ఆపి చూసింది. "అయితే ఇన్నాళ్ళూ నా కబుర్లు నువ్వు ఇన్నేదా?"

పైడిరాజు సిగ్గుతో తల వాల్చేశాడు.

గుండీ అతని గొంతుతోనే, ముద్దుగా, "ఊఁ" అంది.