టిక్కుమనని ప్లగ్గు

"ఆంటీ, అక్కడే ఆగండి! కెమెరాకి అడ్డం."

కొట్టులోకి అడుగు పెట్టబోయినావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. భుజానికి గుడ్డసంచీ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

ఆ కంప్యూటర్ సామాన్ల కొట్టు యజమాని అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ టర్బో. తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డును, తయారుచేసినవాళ్ళు చెప్పిన వేగం మించి పరుగెత్తించడం, దాన్ని వీడియో తీసి జనం మీదికి వదలడం అయ్యగారి కళ. మర్నాడు పెద్ద పోటీ. గెలిస్తే నల్ల గ్లౌజు జట్టులో చోటు. ఆ చోటు కోసం టర్బో ఏళ్ళ తరబడి పడిచస్తున్నాడు.

నల్ల గ్లౌజు ముఖం ఎవరూ చూడలేదు, గొంతు వినలేదు. వీడియోల్లో కనిపించేవల్లా చల్లటి పొగలో కదిలే రెండు గ్లౌజులు. రికార్డు కొట్టే ముందు ప్రతిసారీ ఆ బొటనవేలు కార్డుకు కరెంటిచ్చే ప్లగ్గును ఒక్కసారి నొక్కుతుంది. భక్తులకు అదో ముద్ర.

టర్బో కూడా నల్ల గ్లౌజులు కొన్నాడు. కెమెరా వైపు ఓరగా చూస్తూ ప్లగ్గు మీద బొటనవేలు అలా ఆనించి ఇలా తీశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే.

"అదిరింది బావా!" అన్నాడు కెమెరా పట్టుకున్న బావమరిది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి ఆంటీ. ఏం కావాలి?"

ఆవిడ సంచీలోంచి ఒక కేబులు తీసింది. "ఇలాంటిదే కొత్తది కావాలి బాబూ. గ్రాఫిక్స్ కార్డుకి."

టర్బో తిప్పి చూశాడు. "దీనికేమైంది? లక్షణంగా ఉందిగా!"

"చాలాసార్లు తీసి పెట్టాను. బిగువు పోయింది. ఇక నమ్మకూడదు."

"అన్నిసార్లు ఎందుకు తీశారు? దుమ్ము దులపడానికా?"

బావమరిది కెమెరా ఊగేలా నవ్వాడు. ఆవిడా నవ్వింది.

"ఇంట్లో మాత్రం కార్డు జోరు తగ్గించే వాడతాను. మా ఆయనకి ఫ్యాను చప్పుడు పడదు."

"తగ్గించా?" టర్బో గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "విన్నావురా? అంతోటి కార్డు కొని జోలపాడి పడుకోబెడతారట!"

ఆవిడ చూపు బల్ల మీదికి మళ్ళింది. అక్కడ రేపటి పోటీకి సిద్ధమైన కార్డు, దానికి ఎర్రటి అల్లిక కేబులు. వీడియోలో అందంగా కనపడాలని ఆ కేబులును ప్లగ్గు మొదట్లోనే మెలిక తిప్పి కట్టాడు మహానుభావుడు.

"ఇందాక ప్లగ్గు మీద వేలెందుకు పెట్టావు బాబూ?"

"అది స్టైలండీ. మా గురువుగారి స్టైలు."

"స్టైలా?" ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "టిక్కుమనలేదు నాయనా. పూర్తిగా దిగలేదేమో. పైగా ఆ మెలిక దాన్ని పక్కకి లాగుతోంది. అలాగే వదిలేస్తే కాలుతుంది. నొక్కనా?"

"చెయ్యి పెట్టొద్దు!" టర్బో గయ్యిమన్నాడు. "ఎవరు పడితే వాళ్ళు నొక్కడానికి ఇదేమన్నా మిక్సీయా? మా గురువుగారు చెబితే కళ్ళకద్దుకుని చేస్తా. మీరు చెబితే నేను వినాలా?"

"నా మాట వినక్కర్లేదులే. నొక్కితే చాలు."

టర్బో ఆవిడ కేబులును బల్ల మీదుగా వెనక్కి తోశాడు.

"మా దగ్గరున్నవి పరుగెత్తించేవాళ్ళకి ఆంటీ. వీధి చివర కరెంటు సామాన్ల కొట్టుంది, అక్కడ అడగండి."

ఆవిడ కేబులు చుట్టి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"రేపు వేగం పెంచే ముందు ఒక్కసారి నొక్కు నాయనా. టిక్కుమనేదాకా."

"అలాగేనండీ, వెళ్ళిరండి!" అని తలుపు వేసి, ఆవిడ గొంతు పెట్టి "టిక్కుమనేదాకా నాయనా" అని వెక్కిరించాడు. బావమరిది పొట్ట పట్టుకున్నాడు.

ప్లగ్గు మాత్రం నొక్కలేదు. ఒక ఆంటీ చెప్పిందని నొక్కితే పరువేం కావాలి? మెలిక అందం చెడుతుందని కేబులు విప్పకుండా, స్టాండుతో సహా మర్నాడు అలాగే పోటీ హాలుకు మోయించాడు.

హాలు కిటకిటలాడుతోంది. టర్బో వేగం పెంచాడు. తెర మీద అంకె ఎగబాకింది. ఈలలు పడ్డాయి. ఇంకా పెంచాడు.

ముందు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వెంటనే తెర నల్లబడింది. చూస్తే ప్లగ్గు ఓ మూల కరిగి కార్డుకు అతుక్కుపోయి ఉంది. పీకితే సగమే ఊడి వచ్చింది.

"కార్డే మంచిది కాదు!" అని అరిచాడు టర్బో. ఆడలేనివాళ్ళకు మద్దెల ఎప్పుడూ ఓడే.

పోటీ నిర్వాహకుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అయ్యో, నీ చోటు దాదాపు ఖాయమనుకున్నామయ్యా. నీ వీడియోలు చూసి ముచ్చటపడి, పని ఎలా చేస్తావో చూసొస్తానని నిన్న స్వయంగా మీ కొట్టుకి కూడా వెళ్ళారు. నీకేం చెప్పలేదా?"

"ఎవరు?"

"ఇంకెవరు, నల్ల గ్లౌజు!"

టర్బోకు ఏడుపొక్కటే తక్కువ. "మా కొట్టుకా? ఆయన రాలేదండీ! వస్తే నేను గుర్తుపట్టనా?"

నిర్వాహకుడు అతని వంక వింతగా చూసి, వేదిక వైపు వేలు చూపించాడు.

అక్కడ గుడ్డసంచీలోంచి నల్ల గ్లౌజులు తీసి తొడుక్కున్న నిన్నటి ఆంటీ, బల్ల మీదికి వంగి బొటనవేలితో ప్లగ్గును నొక్కింది. ఊపిరి బిగబట్టిన హాలంతటికీ టిక్కుమని వినిపించింది.